నీళ్ళ గ్రూపులో రెండో తరగతి

దిల్‌సుఖ్‌నగర్ బస్టాపు దగ్గర బొప్పాయి బండి పక్కన నిలబడి ఉండగా ఒకావిడ నన్ను చూసి ఆగింది. ముఖం తెలుసు, పేరు తెలియదు. పిల్లల బడి దగ్గర పరిచయమైనవాళ్ళకు పేర్లుండవు. ఆవిడ నాకు రిత్విక్ వాళ్ళమ్మ, నేను ఆవిడకు మేఘన వాళ్ళ డాడీ. ఆ పిల్లలిద్దరూ ఇప్పుడు హైస్కూలుకు వచ్చేశారు.

"సెకండ్ క్లాస్ టీచర్ పోయిన్రు సార్. ఎరుకేనా మీకు?" అంది.

తెలియదన్నాను. పోయిన వారమట. షుగరు ఎప్పటినుంచో ఉంది, చివరికి గుండె. దవాఖానలో చేర్చాక ఎక్కువ రోజులు లేరట. ఉన్నట్టుండి రిత్విక్ వాళ్ళమ్మ చేతిలోని ఫోను అడ్డంగా తిప్పి, రొట్టెముక్క కొరకబోతున్నట్టు నోటి ముందు పెట్టుకుని, అచ్చం టీచర్‌లాగే, "ఆఁ... ఇనబడుతుందా?" అని, జవాబు కోసం ఆగింది.

నాకు నవ్వొచ్చింది. ఆవిడకూ వచ్చింది. బొప్పాయి కోసే మనిషి కత్తి ఆపి మా వంక చూశాడు. చనిపోయిన మనిషిని తలుచుకుని రోడ్డు మీద అంతగా నవ్వడం సబబు కాదేమో. కాని టీచర్‌ను తలుచుకుంటే ముందు వచ్చేది అదే.

అప్పట్లో మా అమ్మాయి చైతన్యపురి మెయిన్ రోడ్డు వెనక గల్లీలో ఒక చిన్న బడిలో చదివేది. చుట్టూ హాస్టళ్ళు. రెండో తరగతి కిటికీలోంచి చూస్తే ఎదుటి మేడ మీద కోచింగ్ పిల్లల బనీన్లు ఆరుతూ కనిపించేవి. రోజూ ఆఖరి పీరియడ్‌లో టీచర్ ఫోను తీసి, ఆనాడు తరగతిలో ఏం జరిగిందో రికార్డు చేసి తలిదండ్రుల గ్రూపులో పెట్టేవారు. హోంవర్కు కాదు, హోంవర్కు డైరీలో ఉండేది. మార్కులూ కాదు. వార్తలు.

రికార్డు చేస్తున్న మాట అవతలివాళ్ళకు అప్పటికప్పుడు వినబడదని ఆవిడకు ఎవరూ నచ్చజెప్పలేకపోయారు. "ఇనబడుతుందా?" అని అడిగి, మర్యాదగా ఆగి, అప్పుడు మొదలుపెట్టేవారు.

"ఇయ్యాల మన క్లాసుల రెండు పంచాయితీలైనయ్. ఒకటి కిటికీ పంచాయితీ, ఇంకోటి బెండకాయ పంచాయితీ. కిటికీ కాడ నేను కూసుంట అంటే నేను కూసుంట అని ఇద్దరు కొట్లాడిన్రు. ఇద్దర్ని లేపి నేను కూసున్న. మంచిగ గాలి ఒస్తున్నది. బెండకాయ సంగతేందంటే, ఒకడు వాని డబ్బాల బెండకాయ కూర తీసి పక్కోని డబ్బాల ఏసిండు. పక్కోడు వాని పక్కోనికి ఏసిండు. గట్ల క్లాసంత తిరిగి తిరిగి మల్ల మొదటోని తానకే ఒచ్చింది. ఆఖరుకు వాడే తిన్నడు."

వెనకనుంచి ఒక పిల్ల గొంతు: "తినలే టీచర్! పారేసిండు!"

"ఎవలు చూసిన్రు?"

"నేను!" "నేను!" "నేను గూడ!"

"దిద్దుతున్న. పారేసిండు. బెండకాయ వండినామె ఎవలో ఆమెకు ఎరుకే. గంతే, పొయ్యొస్త."

ఇదీ పద్ధతి. వార్త పిల్లల ముందే చెప్పాలి, తప్పుంటే పిల్లలు అక్కడే దిద్దాలి, ఆ దిద్దుబాటుతో సహా అది మా ఇళ్ళకు రావాలి. మర్నాడు పొద్దున ఇంటి కబుర్లు తరగతికి వెళ్ళేవి. "నిన్న ఒకమ్మ అడిగింది. వాళ్ళోడు ఒక సాక్సు ఏసుకోని ఇంటికి పోయిండంట. రెండోది ఎవల కాడున్నది?" అని ఆవిడ అడిగితే, తరగతి మొత్తం బెంచీల కింద దూరి వెతికేది.

ఇంకో నియమం, పేర్లు చెప్పకపోవడం. "ఒకడు", "ఒకామె", "కిటికీ కాడి ఆయన". మరీ గుర్తు కావాలంటే బెంచీ లెక్క. ఎవరి పిల్లల సంగతో వాళ్ళకు అర్థమయ్యేది. అర్థం కానివాళ్ళు ఆ సాయంత్రం పిల్లల్ని కూర్చోబెట్టుకుని మాట్లాడేవారు. ఆవిడకు కావలసింది అదేనేమో, తెలియదు. ఆవిడ ఏ పనికీ కారణం చెప్పే మనిషి కాదు.

"మా వాడు బాగా అల్లరి చేస్తున్నాడా టీచర్?" అని గేటు దగ్గర ఎవరైనా అడిగితే ఆవిడకు నచ్చేది కాదు.

"బాగ అంటే ఏందమ్మ? బెంచీ ఎక్కిండా, దిగిండా, గది అడుగు చెప్త."

"చదువులో ఎలా ఉన్నాడు?"

"దానికి రిపోర్టు కార్డున్నది. నన్ను ఏమైందని అడుగు. అయ్యింది చెప్త. అనుకున్నది చెప్ప."

చెవి వెనక సుద్దముక్క, నడుముకు దోపిన కొంగు, ఎండైనా వానైనా ఒకటే నల్ల గొడుగు. మనిషి పొట్టి, గొంతు పెద్ద. ఆవిడ మాటలో ఉపమానం ఉండేది కాదు, విశేషణం అరుదు. నేను జీవితంలో చాలా పుస్తకాలు చదివాను. అంత శుభ్రమైన వచనం వాటిలో తక్కువగా దొరికింది.

మాకు ఆ వార్తల అవసరం మిగతావాళ్ళ కంటే ఎక్కువ. మా మేఘన ఇంట్లో నోరు మూయదు, బడి గేటు దాటితే నోరు తెరవదు. ఒకటో తరగతి మొత్తం అలాగే గడిచింది. రాస్తుంది, లెక్కలు చేస్తుంది, నవ్వుతుంది కూడా, మాట మాత్రం లేదు. డాక్టరుకు చూపించాం. గొంతు బాగుంది, చెవులు బాగున్నాయి, భయపెట్టకండి, ఆగండి అన్నారు. బడి యజమాని మాత్రం ఆగేలా లేడు. ఆయన్ని అందరూ కరస్పాండెంట్ సార్ అనేవారు.

"మూడో తరగతికి ఓరల్ టెస్టుంటది సార్. పాప నోరు తెరవకపోతే మేం ప్రమోట్ చెయ్యలేం. ఇంకేదన్న స్కూల్ చూస్కోవాలె మీరు" అని ఏడాది మొదట్లోనే చెప్పేశాడు. ఇంకేదన్నా అంటే ఏదో ఆయన చెప్పలేదు. మూగపిల్లల బడి అని మా ఆవిడకు అర్థమై ఆ రాత్రి అన్నం సయించలేదు.

అందుకని రోజూ మధ్యాహ్నం మూడు దాటాక మా ఆవిడ వంటింటి గట్టు మీద ఫోను పెట్టుకుని ఎదురుచూసేది. మా అమ్మాయి వార్తల్లో "మూడో బెంచీ ఆమె".

"మూడో బెంచీ ఆమె ఇయ్యాల గూడ మాట్లాడలే. గని నవ్వింది. ఎందుకు నవ్విందో చెప్పలే."

"మూడో బెంచీ ఆమె మాట్లాడలే. పెన్సిల్ అడిగినోనికి పెన్సిల్ ఇచ్చింది. రబ్బరు అడిగితే ఇయ్యలే."

"ఇంకా మాట్లాడలేదట" అని మా ఆవిడ నిట్టూర్చేది. "కాని రబ్బరు ఇవ్వలేదట చూశావా" అనేవాణ్ణి నేను. ఆ రబ్బరు మీద మేం ఒక పూట బతికేవాళ్ళం.

చిక్కు ఇంటిపనుల పాఠంతో వచ్చింది. మీ ఇంట్లో ఎవరెవరు ఏం పనులు చేస్తారని టీచర్ అడిగారట. ఆనాటి వార్త ఇలా ఉంది: "ఒకడు లేసి, మా డాడీ ఏం చెయ్యడు టీచర్, సోఫాల పండుకోని ఫోన్ చూస్కుంట చాయ్ చాయ్ అని అరుస్తడు అన్నడు."

పేరు లేదు. అయినా పది నిమిషాల్లో గ్రూపులో ఒక తండ్రి రాశాడు: "ఇది కరెక్ట్ కాదు మేడం. నేను బిజినెస్ కాల్స్ మాట్లాడుత."

అది రిత్విక్ వాళ్ళ నాన్న. మన్సూరాబాద్‌లో తాతలనాటి పొలం ప్లాట్లయ్యాక ఎల్.బి.నగర్‌లో ఆఫీసు తెరిచిన మనిషి. మర్నాడు బడి వదిలే వేళకు పెద్ద కారులో వచ్చి, గేటు దగ్గరే టీచర్‌ను నిలదీశాడు. నేను అమ్మాయి కోసం పక్కనే నిలబడి ఉన్నాను.

"గింతమందిల నా ఇజ్జత్ తీసిన్రు మేడం."

"మీరని నేను యాడన్న సార్? ఒకడన్న."

"ఒకడంటే మావోడే గద!"

"మీరు గ్రూపుల రాసినంక ఎరుకైంది గది. అప్పటిదాక నలుగురైదుగురు తండ్రులు మాదే, మాదే అనుకోని పరేషాన్ల ఉన్నరు. ఒకాయన నాకు ఫోన్ చేసి, రేపటి సంది పళ్ళాలు కడుగుత మేడం అని ఒప్పుకున్నడు. మీరొచ్చి అంత కరాబ్ చేసిన్రు."

ఆయన కారు ఎక్కబోతూ వెనక్కి తిరిగి, "మా వాడు నిజంగ గట్లనే అన్నడా?" అని అడిగాడు. "క్లాసంత ఇన్నది" అన్నారు టీచర్. ఆయన తిన్నగా కరస్పాండెంట్ గదికి వెళ్ళాడు.

మరుసటి వారం నుంచి వార్తలు బందయ్యాయి. టీచర్లెవరూ తలిదండ్రులకు సొంతంగా ఏమీ పంపకూడదని ఆర్డరు వేసి, మా ఫోన్లలో ఒక యాప్ వేయించారు. మొదటి రోజే మా ఆవిడ ఆఫీసులో ఉన్న నాకు ఫోన్ చేసింది. "ఏమండీ, వచ్చిందండీ! మీ చిన్నారి నేటి తరగతి చర్చలో ఉత్సాహంగా పాల్గొన్నది, అని వచ్చింది!"

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి సందడి లేదు. అమ్మాయిని అడిగితే అడ్డంగా తల ఊపిందట. పక్క వీధిలో ఇంకో తల్లికి కూడా అదే వాక్యం వచ్చింది. ఆవిడ కొడుకు ఆ రోజు జ్వరంతో బడికే వెళ్ళలేదు. మా ఆవిడ ఫోను బోర్లా పెట్టేసి కూర చూడటానికి వెళ్ళింది. అబద్ధం చెప్పినందుకు కాదు, ఆ ఒక్క గంట నమ్మినందుకు ఆమెకు కోపం.

మర్నాడు నేను గేటు దగ్గర ఆగాను. నేను ఎవరినీ ఏమీ అడిగే మనిషిని కాదు. అందుకని ఎలా మొదలుపెట్టాలో తెలియక గొడుగు వంక చూస్తూ నిలబడ్డాను. టీచరే అన్నారు.

"గది నేను నొక్కలే సార్. పాల్గొన్నది, బాగా పాల్గొన్నది, ఉత్సాహంగా పాల్గొన్నది, గివే ఉన్నయ్ అండ్ల. పాల్గొనలే అనేది లేదా సార్ అని అడిగిన. నెగటివ్ వద్దు మేడం, పేరెంట్స్ ఫీలయితరు అన్నడు కరస్పాండెంట్ సార్. నేను నొక్కనన్న. ఆఫీసుల కూసోని క్లాసంతటికి ఒక్కపారి నొక్కిన్రు."

"మరి అసలు సంగతి మాకు తెలిసేదెట్లాగండీ?"

ఆవిడ వాచ్‌మన్ వైపు చూసి, నా వైపు చూసి, గొంతు తగ్గించారు. "మీకు నీళ్ళ కరువున్నదా సార్?"

"లేదండీ. మాకు రోజు విడిచి రోజు నల్లా వస్తుంది."

"ఉన్నదనుకోన్రి. మీ నంబరు చెప్పున్రి."

సంగతి తర్వాత తెలిసింది. టీచర్ ఉండేది మన్సూరాబాద్‌లో ఒక పాత అపార్టుమెంటులో. బోరు ఎండిపోయాక అక్కడివాళ్ళు ట్యాంకర్ల కోసం ఒక గ్రూపు పెట్టుకున్నారు. వార్తలు బందైన రోజు కూడా టీచర్ అలవాటుకొద్దీ ఆఖరి పీరియడ్‌లో రికార్డు చేశారు. తలిదండ్రుల గ్రూపును కరస్పాండెంట్ తీసేయించడంతో దాని జాగాలో పైకి వచ్చిన నీళ్ళ గ్రూపులోకి, ఇద్దరు పిల్లలు మాటలు మానేసిన ఆనాటి వార్త వెళ్ళిపోయింది. అపార్టుమెంటు సెక్రటరీ కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రిటైర్డ్ ఉద్యోగి. ఆయన గంట తర్వాత రాశారట: "అమ్మా, ఇది పొరపాటున ఇక్కడ పెట్టినట్టున్నారు. అయినా ఆ పిల్లలిద్దరూ మళ్ళీ మాట్లాడుకున్నారా అండీ?"

మాట్లాడుకున్నారో లేదో మర్నాడు చెప్పక తప్పలేదు. మూడో రోజు నుంచి అది పొరపాటు కాదు. తలిదండ్రులకు పంపొద్దన్నారు గాని, ఇరుగుపొరుగుతో మాట్లాడొద్దని ఎవరూ అనలేదు గదా అని ఆవిడ వాదం. ఇక మాలాంటి వాళ్ళను ఒక్కొక్కరినీ "మనోళ్ళే సార్, జర కలుపుకోన్రి" అని సెక్రటరీ గారికి చెప్పి చేర్పించారు. కిరాయిదార్లు మారుతూ ఉంటారు గనుక ఆయన ఆరా తీయలేదు. ఎండాకాలం ముదిరేసరికి ఆ గ్రూపులో ఫ్లాట్ల కంటే మనుషులు ఎక్కువయ్యారు. ఇంతమంది ఉండి, నీళ్ళు చాలడం లేదని గొడవపడేది మాత్రం ఎప్పుడూ ఆ పాత నలుగురేనని ఆయన ఆశ్చర్యపడేవారట.

ఒక రోజు ట్యాంకర్ రాలేదు. సాయంత్రం దాకా గ్రూపులో తిట్లు. చివరికి టీచర్ గొంతు: "ఇయ్యాల వార్తల్లేవ్. బిందె పట్టుకోని లైన్ల నిలవడ్డ." ఇంకో గంటకు అపార్టుమెంటు ముందు ఒక కొత్త ట్యాంకర్ వచ్చి ఆగింది. గ్రూపులో అపార్టుమెంటువాళ్ళెవరికీ తెలియని నంబరు నుంచి ఒక మాట: "మా బోరు నీళ్ళు పంపిన. ఇగ మేడంను వార్తలు పెట్టమన్రి." రిత్విక్ వాళ్ళ నాన్న! భార్య ఫోనులో రోజూ వింటున్నాడన్నమాట. మూడో అంతస్తులో తాళం వేసి ఉన్న ఫ్లాటు ఓనరే అయుంటాడని సెక్రటరీ గారు ఆయనకు రెండు వాక్యాల కృతజ్ఞత రాశారు.

ఓరల్ టెస్టు దగ్గరికి వచ్చింది. మా ఆవిడ వేరే బళ్ళు చూడటం మొదలుపెట్టింది. వనస్థలిపురంలో ఒకచోట, నాగోల్ వైపు ఒకచోట. ప్రతిచోటా ముందు పాపతో మాట్లాడాలనేవారు. బయటికొచ్చి ఆటో ఎక్కాక మేఘన మాతో మామూలుగా మాట్లాడేది. ఆ ఆటోలో మేమిద్దరం మాట్లాడేవాళ్ళం కాదు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం, నేను సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. వార్త వచ్చింది. ఎదుటి హాస్టలు బనీను ఒకటి గాలికి ఎగిరి క్లాసులో పడిందట. అది ఎవరిదో తేల్చడానికి పిల్లలు కిటికీలోంచి కేకలు వేశారట. అదయ్యాక టీచర్ అన్నారు: "మూడో బెంచీ ఆమె ఇయ్యాల పెరుగన్నం తినలే. మూత పెట్టి సంచిల ఏసింది. ఇంకేందంటే..."

"తిన్నాను."

చిన్న గొంతు. తరగతిలో ఎవరూ "తిన్నాను" అనరు, "తిన్న" అంటారు. మా ఆవిడ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

ఫోనులో చప్పుడు లేదు. మళ్ళీ అదే గొంతు, ఈసారి కొంచెం కోపంగా: "తిన్నాను టీచర్. దానిమ్మగింజలే వదిలేశాను."

చప్పట్లు లేవు. శభాష్ లేదు. టీచర్ గొంతులో ఏ తేడా లేదు. "దిద్దుతున్న. పెరుగన్నం తిన్నది. దానిమ్మగింజలు ఇడిసిపెట్టింది. ఇంకేందంటే, రేపు సైన్సుకు ఆకులు తేవాలె, కరివేపాకు గాదు, పెద్ద ఆకులు. గంతే, పొయ్యొస్త."

కావాలనే తప్పు చెప్పారా అని తర్వాత ఒకసారి గేటు దగ్గర అడిగాను. ఆవిడకు కోపం వచ్చింది. "నేను అబద్ధం చెప్తనా సార్? మూత పెట్టుడు చూసిన, లోపల చూడలే. చూడంది చెప్పిన. తప్పే" అని గొడుగు విప్పి వెళ్ళిపోయారు. నిజమో కాదో నాకిప్పటికీ తెలియదు. ఓరల్ టెస్టులో మేఘన పెద్దగా ఏమీ మాట్లాడలేదు. పేరు చెప్పింది, అడిగిన పద్యంలో రెండు పాదాలు చెప్పి చాలంది. మూడో తరగతికి పంపారు.

ఆ పెరుగన్నం వార్తను, అది వచ్చిన సాయంత్రం ఎన్నిసార్లు విన్నామో చెప్పలేను. అమ్మాయి ఇంటికొచ్చి, మేం వింటున్నది విని, "గింజలు పుల్లగా ఉన్నాయమ్మా" అని ఆడుకోడానికి వెళ్ళింది.

కాసేపటికి సెక్రటరీ గారు గ్రూపులో రాశారు: "మూడో బెంచీ పాప గొంతు ఇవాళ మొదటిసారి విన్నాం. మా ఇంట్లో అందరం విన్నాం. ఇంతకీ ఎవరి పాపండీ?"

టీచర్ పేర్లు చెప్పరు గదా. నేను ఆ గ్రూపులో గాని, ఇంకే గ్రూపులో గాని ఎన్నడూ ఒక్క మాట రాసినవాణ్ణి కాదు. మా ఆవిడ పక్కన నిలబడి, "రాయండి" అంది. రాశాను: "మా అమ్మాయండీ."

ముఖమైనా తెలియని జనం ఒకరి తర్వాత ఒకరు దణ్ణాలు, పువ్వులు పెట్టారు. ట్యాంకర్ డ్రైవర్ కూడా ఒక పువ్వు పెట్టాడు. ఆ తర్వాత సెక్రటరీ గారు: "చాలా సంతోషమండీ. ఇంతకాలం పరిచయం కాలేదు. మీది ఏ ఫ్లాటు?"

ఏ నంబరు చెప్పినా అక్కడ ఎవరో ఒకరు ఉంటారు. మూడో అంతస్తు తాళం ఫ్లాటు అప్పటికే ఇంకొకరికి వెళ్ళిపోయింది. ఏం రాయాలా అని చూస్తుండగానే టీచర్ గొంతు వచ్చింది.

"ఆయనకు మన తాన ఫ్లాటు లేదు సార్. నీళ్ళు గూడ అడుగడు. ఉండనీయున్రి."